వీడియో పని బ్రౌజరులోనే: వెబ్‌కోడెక్సా, ఎఫ్ఎఫ్ఎంపెగ్ వాస్మా, మీడియారికార్డరా?

కడియం నర్సరీ వాళ్లు మొక్కల వరుసల మధ్య నడుస్తూ ఫోనుతో మూడు నిమిషాల వీడియో తీశారనుకోండి. 1080పీ, సెకనుకు 30 ఫ్రేములు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు దీన్ని 17 నుంచి 20 ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు) రేటుతో రాస్తాయి కాబట్టి ఫైలు 380 ఎంబీ దాటుతుంది. అదే వీడియోని వాట్సాప్ బిజినెస్ క్లౌడ్ ఏపీఐ (ప్రోగ్రాముతో సందేశాలు పంపే దారి) ద్వారా కొనేవాళ్లకి పంపాలంటే 16 ఎంబీ మించకూడదు. కుదించే పని సర్వరుకి అప్పగిస్తే 16 ఎంబీ ఫలితం కోసం 380 ఎంబీ పైకి ఎక్కించాలి. 5 ఎంబీపీఎస్ అప్‌లోడ్ దొరికితే పది నిమిషాలు. లంక గ్రామంలోనో, చెరువు గట్టు మీదో సిగ్నలు 1 ఎంబీపీఎస్‌కి పడిపోతే యాభై నిమిషాలు, అదీ మధ్యలో తెగకపోతే.

ఆ కుదింపు ఫోనులోని బ్రౌజరే చేసేస్తే ఎక్కేది 16 ఎంబీ మాత్రమే. సర్వరు అద్దె మిగులుతుంది. పెళ్లివారి ఫుటేజ్, ఇంట్లో ఆడవాళ్ల బొమ్మలు మీ కంప్యూటరుకి రావు, వాటికి మీరు కాపలా కాయక్కర్లేదు. అమలాపురం, భీమవరం, రావులపాలెం లాంటి ఊళ్లలో ఫొటో స్టూడియోలకీ, నర్సరీలకీ, రొయ్యల ల్యాబులకీ చిన్న వెబ్‌సైట్లు కట్టిపెట్టేవాళ్లు ఈ పని ఏ దారిలో చెయ్యాలో తేల్చుకోవడానికి ఈ పోలిక. దారులు మూడు: బ్రౌజరులో నడిచేలా మార్చిన ఎఫ్ఎఫ్ఎంపెగ్ వాస్మ్, బ్రౌజరు సొంత కుదింపు యంత్రాంగాన్ని వాడుకునే వెబ్‌కోడెక్స్, ఆడుతున్న వీడియోని రికార్డు చేసే మీడియారికార్డర్.

ముందు తేల్చుకోవాల్సింది: పెట్టె పనా, బొమ్మ పనా

ఎంపీ4 అనేది ఒక పెట్టె. లోపల హెచ్.264లో కుదించిన బొమ్మల ప్యాకెట్లు, ఏఏసీలో కుదించిన శబ్దం ప్యాకెట్లు, ఏ ప్యాకెట్టు ఎక్కడ ఉందో చెప్పే ‘మూవ్’ అనే పట్టిక ఉంటాయి. ముందూ వెనకా కత్తిరించడం, ఒకే ఫోనులో ఒకే సెట్టింగుతో తీసిన ముక్కల్ని అతికించడం, శబ్దం తీసెయ్యడం, ఎంఓవీని ఎంపీ4 చెయ్యడం, అడ్డంగా పడుకున్న వీడియోని నిలబెట్టడం: ఇవన్నీ పెట్టె పనులు. ప్యాకెట్లని విప్పకుండా ఇందులోంచి అందులోకి మార్చడమే. 380 ఎంబీ ఫైలుకైనా కొన్ని సెకన్లు చాలు, నాణ్యత ఇసుమంతైనా తగ్గదు.

సైజు తగ్గించడం, స్టూడియో లోగో వెయ్యడం, పేర్లు రాయడం, రంగులు సవరించడం బొమ్మ పనులు. ప్రతి ఫ్రేమునీ విప్పి, మార్చి, మళ్లీ కుదించాలి. ఖర్చంతా ఇక్కడే.

అడగడానికి వచ్చేవాళ్లు రెండింటినీ ‘ఎడిటింగ్’ అనే అంటారు. వాళ్లు అడిగినదాంట్లో పెట్టె పని ఎంతో విడదీసి చూడండి. కత్తిరింపు చాలనుకున్న చోట మళ్లీ ఎన్‌కోడ్ చేయించే (అంటే విప్పి మళ్లీ కుదించే) టూల్ కడితే, వాడేవాడి ఫోను వేడెక్కడం, బొమ్మ పాడవడం రెండూ ఊరికే జరుగుతాయి.

పెట్టె పనిలో ఒక చిక్కు ఉంది. కత్తిరింపు కీఫ్రేము దగ్గరే మొదలవ్వాలి. కీఫ్రేము అంటే తనంతట తాను విప్పుకోగల పూర్తి బొమ్మ. మిగతావన్నీ ముందూ వెనకల బొమ్మలతో తేడా మాత్రమే. ఫోను వీడియోల్లో సాధారణంగా సెకనుకొకటి వస్తుంది కాబట్టి ఇబ్బంది కనపడదు. ఇంటర్నెట్ నుంచి దించినవాటిలో రెండు నుంచి ఐదు సెకన్లు, కొన్నిట్లో ఇంకా ఎక్కువ దూరం ఉంటుంది. కీఫ్రేము కాని చోట కోస్తే మొదట బొమ్మ గడ్డకట్టి, శబ్దం మాత్రం నడుస్తుంది. మొదటి ముక్కనొక్కదాన్నే ఎన్‌కోడ్ చేసి మిగతాదానికి అతికించే పద్ధతి ఉంది కానీ, రెండు ముక్కల కోడెక్ (కుదించి విప్పే పద్ధతి) పారామీటర్లు వేరవుతాయి; కొన్ని ప్లేయర్లు అతుకు దగ్గర తడబడతాయి. చిన్న టూలుకి ఆ తలనొప్పి వద్దు. స్లైడరు మీద కీఫ్రేములున్న చోట గీతలు పెట్టి, వేలు వదలగానే వెనకున్న గీతకి అతుక్కునేలా చెయ్యండి. వాడేవాళ్లు ఒక్కసారి చూస్తే అర్థం చేసుకుంటారు.

ఎఫ్ఎఫ్ఎంపెగ్ వాస్మ్: అన్నీ తింటుంది, నెమ్మదిగా తింటుంది

ఎఫ్ఎఫ్ఎంపెగ్‌ని వెబ్అసెంబ్లీకి (బ్రౌజరులో నడిచే కోడు రూపం, పొట్టిగా వాస్మ్) మార్చి కంపైల్ చేసినదే ఇది. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అంటే కంప్యూటర్లో వీడియోలు మార్చే ఉచిత ప్రోగ్రాము. డెస్క్‌టాప్‌లో అలవాటైన కమాండ్లు దాదాపు అలాగే పనిచేస్తాయి. ఎక్స్264 (హెచ్.264లో కుదించేది), ఎక్స్265, వీపీ9, ఎంపీ3 ఎన్‌కోడర్లు లోపలే ఉన్నాయి. ఏ మూల నుంచి వచ్చిన ఫైలునైనా తెరవగలగడం దీని బలం.

బరువు మొదటి లోపం. కోర్ ఫైలు సుమారు 32 ఎంబీ. బ్రోట్లీ కుదింపుతో వడ్డిస్తే తగ్గుతుంది కానీ, ప్రీపెయిడ్ డేటాతో వచ్చేవాడికి ప్రతిసారీ అది దిగడం భారమే. సర్వీస్ వర్కరుతో (బ్రౌజరులో వెనక నడిచే స్క్రిప్టు) కాష్ చెయ్యండి, అంటే ఫోనులోనే దాచండి; మీ సైటు నుంచే వడ్డించండి.

రెండోది వేగం. ప్రాజెక్టు డాక్యుమెంటేషన్లో ఉన్న పోలిక పరీక్షలో నేటివ్ ఎఫ్ఎఫ్ఎంపెగ్ సుమారు 5 సెకన్లలో ముగించిన పనికి సింగిల్ థ్రెడ్ వాస్మ్ రెండు నిమిషాలు దాటింది, మల్టీథ్రెడ్ ఒక నిమిషం తీసుకుంది. ప్రాసెసరుకి తగ్గట్టు చేత్తో రాసిన ఎక్స్264 అసెంబ్లీ కోడు వెబ్అసెంబ్లీలో పనిచెయ్యదు. ఫోనులో ఉన్న హార్డ్‌వేర్ ఎన్‌కోడర్ని అది ముట్టుకోలేదు. అందుకే ఆ తేడా. పది నిమిషాల 1080పీ వీడియోని సాధారణ ఫోనులో దీంతో ఎన్‌కోడ్ చేయించాలనుకోకండి.

మల్టీథ్రెడ్ కావాలంటే షేర్డ్అర్రేబఫర్ (థ్రెడ్లు పంచుకునే మెమరీ) కావాలి. దానికి పేజీతో పాటు రెండు హెడర్లు పంపాలి: క్రాస్-ఆరిజిన్-ఓపెనర్-పాలసీకి ‘సేమ్-ఆరిజిన్’, క్రాస్-ఆరిజిన్-ఎంబెడర్-పాలసీకి ‘రిక్వైర్-కార్ప్’. ఇవి పెట్టగానే అదే పేజీలోని యూట్యూబ్ ఎంబెడ్, మ్యాపు, పేమెంట్ ఫ్రేము ఆగిపోవచ్చు. పాప్‌అప్‌తో నడిచే లాగిన్లూ తెగుతాయి. కాబట్టి హెడర్లు సైటు మొత్తానికి కాకుండా టూల్ ఉన్న ఒక్క పేజీకే పెట్టండి. ఆ పేజీలో ఇంకేమీ పెట్టకండి. గిట్‌హబ్ పేజెస్‌లో హెడర్లు మార్చే వీల్లేదు. అక్కడ సర్వీస్ వర్కరు ద్వారా హెడర్లు చేర్చే పద్ధతి వాడాలి. మొదటిసారి పేజీ ఒకసారి రీలోడ్ అవుతుంది, కంగారు పడక్కర్లేదు.

మూడోది మెమరీ. ఫైలు 2 జీబీ దాటితే మామూలు పద్ధతిలో కుదరదు. అంతకు చాలా ముందే చిన్న ఫోను చేతులెత్తేస్తుంది, ఎందుకంటే ఫైలుని లోపలి ఫైల్‌సిస్టమ్‌లోకి రాసినప్పుడు ఒక కాపీ, ఫలితం ఒక కాపీ, దాన్ని బయటికి తీసినప్పుడు ఇంకో కాపీ అవుతాయి. వర్కర్ఎఫ్ఎస్‌తో మౌంట్ చేస్తే ఇన్‌పుట్ కాపీ తప్పుతుంది. ఫలితం మాత్రం మెమరీలోనే పెరుగుతుంది. ఒక ఫైలు పని అయ్యాక ‘టెర్మినేట్’ పిలిచి మళ్లీ లోడ్ చెయ్యడం మేలు. పెరిగిన వాస్మ్ మెమరీ దానంతటది వెనక్కి తగ్గదు.

లైసెన్సు సంగతి కూడా చూసుకోండి. జావాస్క్రిప్ట్ పైతొడుగు ఎంఐటీ అయినా, ఎక్స్264 కలిసిన కోర్ జీపీఎల్ (పంచితే సోర్సు కోడు కూడా ఇవ్వాలనే లైసెన్సు) కిందకి వస్తుంది. క్లయింటుకి అమ్మే పనైతే ఒప్పందం రాసే ముందే ఈ మాట చెప్పండి.

వెబ్‌కోడెక్స్: బొమ్మ పనికి ఇదే మొదటి ఎంపిక

బ్రౌజరు లోపల ఎలాగూ ఉన్న డీకోడర్, ఎన్‌కోడర్లని నేరుగా మీ చేతికిచ్చే ఏపీఐ ఇది. హార్డ్‌వేర్ ఉంటే దాన్నే వాడుతుంది. 1080పీని 480పీకి దించే పనిని మామూలు ఫోను కూడా తరచుగా వీడియో నిడివి కంటే తక్కువ సమయంలోనే ముగిస్తుంది. క్రోమ్‌లో 2021లో వచ్చిన 94వ వెర్షన్ నుంచి ఉంది. సఫారీలో 2023 నాటి 16.4 నుంచి వీడియో భాగం, 26 నుంచి ఆడియో భాగం. ఫైర్‌ఫాక్స్ డెస్క్‌టాప్‌లో 2024 నాటి 130 నుంచి ఉంది. ఆండ్రాయిడ్ ఫైర్‌ఫాక్స్‌ని నమ్ముకోకండి. పేజీ హెచ్‌టీటీపీఎస్ మీద ఉండాలి, లేదా లోకల్‌హోస్ట్ కావాలి.

ఇది పెట్టెల జోలికి రాదు. ఎంపీ4ని విప్పి ప్యాకెట్లు తియ్యడం, తిరిగి పెట్టెలో సర్దడం మీ పని. ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి మీడియాబన్నీ లైబ్రరీని సూచిస్తాం. ఎంపీ4, ఎంఓవీ, వెబ్ఎం, ఎంకేవీ చదువుతుంది, రాస్తుంది. దాని కన్వర్షన్ ఏపీఐ ప్యాకెట్లు కాపీ చేస్తే సరిపోయే చోట కాపీయే చేసి, తప్పనిసరైతేనే ఎన్‌కోడ్ చేస్తుంది. పైన చెప్పిన పెట్టె-బొమ్మ తేడాని అదే చూసుకుంటుందన్నమాట. పాత ట్యుటోరియళ్లలో కనిపించే ఎంపీ4-మక్సర్ స్థానంలో వచ్చింది ఇదే. చేత్తో రాసుకుంటామంటే ఎంపీ4బాక్స్ జేఎస్ ఉంది, కానీ కింద చెప్పే ప్రతి గుంటలోనూ ఒకసారి కాలు పడుతుంది.

కోడెక్ పేరు: ఉదాహరణల్లో ఎక్కువగా కనిపించే ‘ఏవీసీ1.42001ఎఫ్’ని కాపీ కొట్టి 1080పీకి వాడితే ఎన్‌కోడర్ కాన్ఫిగర్ అవ్వదు. చివరి రెండు అక్షరాలు హెక్సాలో (16 ఆధారపు లెక్క) లెవెల్. 1ఎఫ్ అంటే 31, అంటే లెవెల్ 3.1, అది 720పీ 30 ఫ్రేముల దాకానే. 1080పీ 30కి 28 కావాలి, అంటే 40, లెవెల్ 4.0; హై ప్రొఫైల్‌తో కలిపి ‘ఏవీసీ1.640028’. 4కే 30కి 33, అంటే 51, లెవెల్ 5.1. ‘ఈజ్‌కాన్ఫిగ్‌సపోర్టెడ్’తో ముందే అడిగి, కాదంటే ఒక మెట్టు దిగండి.

కొలతలు: వెడల్పు, ఎత్తు రెండూ సరిసంఖ్యలు కావాలి. కొన్ని ఆండ్రాయిడ్ ఎన్‌కోడర్లు 16తో భాగించబడని కొలతలకి అంచున పచ్చ గీత వదులుతాయి. 854×480 బదులు 848×480 వాడితే రెండూ 16 గుణిజాలే. 1280×720 ఎలాగూ సరిపోతుంది.

ఫ్రేములు మూయడం: ప్రతి వీడియోఫ్రేముకీ పని అయ్యాక ‘క్లోజ్’ పిలవాలి. చెత్త ఏరే యంత్రాంగం చూసుకుంటుందిలే అనుకుంటే పది, పదిహేను ఫ్రేముల తర్వాత డీకోడర్ మౌనంగా ఆగిపోతుంది; ఎర్రరు కూడా రాదు. డీకోడర్ దగ్గర ఉండే ఫ్రేముల కొలను చిన్నది. ఒక 1080పీ ఫ్రేము 3.1 ఎంబీ, ఆర్‌జీబీఏగా మారిస్తే 8.3 ఎంబీ, 4కే అయితే 12.4 ఎంబీ. ప్రోగ్రెస్ బార్ మొదట్లోనే నిలిచిపోయిందంటే ముందు ఇక్కడే వెతకండి.

క్యూ అదుపు: డీకోడర్ ఎప్పుడూ ఎన్‌కోడర్ కంటే వేగం. ‘ఎన్‌కోడ్‌క్యూసైజ్’ ఐదు దాటితే కొత్త ప్యాకెట్లు వెయ్యడం ఆపి, ‘డీక్యూ’ ఈవెంటు వచ్చాక కొనసాగించండి. లేకపోతే మెమరీ వరద గోదారిలా పొంగి ట్యాబు మునుగుతుంది.

కాలం లెక్క: టైమ్‌స్టాంపులు మైక్రోసెకన్లలో ఉంటాయి. ఫ్రేము నంబరుని 33,333తో గుణించి టైమ్‌స్టాంపు వెయ్యడం చాలామంది చేసే తప్పు. ఫోన్లు వెలుతురు తగ్గితే ఫ్రేము రేటు తగ్గిస్తాయి. రాత్రి ముహూర్తం వీడియోలో పందిట్లో 30, పెరట్లో 24 ఉండొచ్చు. సమానంగా పంచితే పది నిమిషాలకి బొమ్మ ఒక దారి, సన్నాయి ఒక దారి. పాత టైమ్‌స్టాంపునే కొత్త ఫ్రేముకి అంటించండి.

కీఫ్రేములు మీరే అడగాలి. రెండు సెకన్లకొకసారి, అంటే 30 ఫ్రేముల వీడియోలో ప్రతి 60వ ఫ్రేముకి ‘కీఫ్రేమ్: ట్రూ’ ఇవ్వండి. చివర్లో ‘ఫ్లష్’ పూర్తయ్యే దాకా ఆగకపోతే ఆఖరి ఫ్రేములు పోతాయి.

ఇన్‌పుట్ వైపు రెండు: ఎంపీ4లోని హెచ్.264కి ‘డిస్క్రిప్షన్’ కింద ఏవీసీసీ పెట్టెలోని (డీకోడర్ సెట్టింగులుండే చోటు) బైట్లు ఇవ్వాలి. మర్చిపోతే డీకోడర్ ప్యాకెట్లని వేరే రూపంలో ఉన్నాయనుకుని మొదటిదానికే పడిపోతుంది. నిలువుగా తీసిన ఫోను వీడియో లోపల అడ్డంగానే ఉంటుంది, తిప్పి చూపించమన్న గుర్తు పెట్టెలో ఉంటుంది. డీకోడర్‌కి ఆ గుర్తు తెలియదు. మీరు చదివి తిప్పకపోతే పెళ్లికొడుకు పక్కకి పడుకుంటాడు.

శబ్దం దగ్గర నిదానంగా ఆలోచించండి. ఫలితం పెద్దదైతే పాత ఏఏసీ ప్యాకెట్లని అలాగే కాపీ చెయ్యడం అన్నిటికంటే క్షేమం. కానీ కొన్ని ఫోన్లు శబ్దాన్ని 256 కేబీపీఎస్ దాకా రాస్తాయి. మూడు నిమిషాలకి అది 5.8 ఎంబీ, అంటే 16 ఎంబీ గిన్నెలో మూడో వంతుకి పైగా శబ్దమే తినేస్తుంది. అప్పుడు 64 కేబీపీఎస్ మోనోకి దించక తప్పదు. విండోస్, మ్యాక్, ఆండ్రాయిడ్ క్రోమ్‌లో ఏఏసీ ఎన్‌కోడర్ దొరుకుతుంది. లినక్స్ క్రోమ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో దొరకదు. ఆ చోట్ల ఓపస్ అనే మరో శబ్దం కోడెక్‌లో ఎన్‌కోడ్ చేసి ఎంపీ4లో పెట్టాలనిపిస్తుంది. పెట్టకండి, పాత టీవీలు, కొన్ని ఫోను ప్లేయర్లు మూగబోతాయి. వీడియో వెబ్‌కోడెక్స్‌తో చేసి, శబ్దాన్ని మాత్రం ఎఫ్ఎఫ్ఎంపెగ్ వాస్మ్‌తో చేయించడం మంచి మిశ్రమం. శబ్దం తేలిక పని, వాస్మ్‌కి భారం కాదు.

ఒక్క విషయంలో ఎక్స్264 గెలుస్తుంది: తక్కువ బిట్‌రేటులో నాణ్యత. ఫోను హార్డ్‌వేర్ ఎన్‌కోడర్లు వేగానికి తయారైనవి, వెబ్‌కోడెక్స్ ద్వారా సాధారణంగా బీ-ఫ్రేములు (ముందూ వెనకా బొమ్మలు రెండిటినీ చూసి కుదించేవి) కూడా వాడవు. అదే సైజులో ఎక్స్264 బొమ్మ శుభ్రంగా ఉంటుంది. 30 సెకన్ల ముక్కకి, కంప్యూటరు ముందు కూర్చుని ఓపిక పట్టేవాళ్లకి వాస్మ్ ఇంకా అర్థవంతమే.

మీడియారికార్డర్

వీడియోని ప్లే చేస్తూ కాన్వాస్ (పేజీలో బొమ్మ గీసే చోటు) మీద గీస్తూ దాన్ని రికార్డు చేసే పద్ధతి. కోడు ఇరవై వరుసలు. కానీ గంట వీడియోకి గంట పడుతుంది. ట్యాబు మారిస్తే గీయడం ఆగి ఫలితంలో బొమ్మ గడ్డకడుతుంది. ఫోను నెమ్మదిస్తే ఫ్రేములు జారిపోతాయి. క్రోమ్ రాసే వెబ్ఎంలో నిడివి ఉండదు కాబట్టి ముందుకీ వెనక్కీ జరపలేం. 126వ వెర్షన్ నుంచి క్రోమ్ కూడా ఎంపీ4 రాస్తుంది, అంతమేరకు నయం. ఉన్న ఫైలుని మార్చడానికి దీన్ని వాడకండి. నర్సరీ కౌంటరు దగ్గర కెమెరా తెరిచి రికార్డు చేసే పనికైతే ఇదే సరైనది. ‘స్టార్ట్’కి 1000 ఇచ్చి సెకనుకొక ముక్క తీసుకుని వెంటనే ఫోను నిల్వలోకి రాసుకుంటే, కరెంటు పోయినా అప్పటిదాకా వచ్చింది దక్కుతుంది.

మన దగ్గరికి వచ్చే ఫైళ్లు

దారి ఎంచుకునేది మీ ఇష్టాన్ని బట్టి కాదు, వచ్చే ఫైలుని బట్టి.

పాత హ్యాండీక్యామ్‌ల ఎంటీఎస్ ఫైళ్లు ఇప్పటికీ స్టూడియో అల్మరాల్లో ఉన్నాయి. లోపల శబ్దం ఏసీ-3, క్రోమ్ దాన్ని విప్పదు. బొమ్మ చాలావరకు ఇంటర్లేస్డ్ (గీతలు ఒకటి విడిచి ఒకటి తీసినది), కదిలేవాటి అంచులు దువ్వెన పళ్లలా కనిపిస్తాయి. ‘వైఏడీఐఎఫ్’ ఫిల్టరు వెయ్యాలి. ఇది పూర్తిగా ఎఫ్ఎఫ్ఎంపెగ్ పని. చిన్న ముక్కలైతే వాస్మ్, క్యాసెట్టు నిడివి ఉంటే డెస్క్‌టాప్.

రొయ్యల చెరువుల దగ్గర సీసీ కెమెరాల డీవీఆర్ నుంచి తీసే ఫైళ్లు కొన్ని ‘డావ్’ రూపంలో వస్తాయి. బ్రౌజరు వాటిని గుర్తుపట్టదు. ఎఫ్ఎఫ్ఎంపెగ్ చదవగలదు కాబట్టి, ‘సీ కాపీ’తో ఎన్‌కోడ్ లేకుండా ఎంపీ4 పెట్టెలోకి మార్చేస్తే చాలు. పెట్టె పనే కాబట్టి వాస్మ్ నెమ్మది ఇక్కడ అడ్డం కాదు. లోపల హెచ్.265 ఉంటే చూసే పరికరంలో హార్డ్‌వేర్ డీకోడర్ ఉండాలి.

ఐఫోను వీడియోలు మామూలుగా హెచ్ఈవీసీలో, అంటే హెచ్.265లో వస్తాయి. క్రోమ్ 107 నుంచి హార్డ్‌వేర్ ఉంటే విప్పుతుంది. హెచ్‌డీఆర్‌లో తీసినవి కాన్వాస్ మీద వెలిసిపోయినట్టు కనిపిస్తే అది మీ కోడు తప్పు కాదు, రంగుల మార్పిడి సరిగా జరగకపోవడం. తీసేవాళ్లు మీ మాట వినేవాళ్లైతే, కెమెరా ఫార్మాట్లలో ‘మోస్ట్ కంపాటిబుల్’ ఎంచుకుని హెచ్‌డీఆర్ ఆపమనండి.

పెళ్లి కెమెరాల 10-బిట్ 4:2:2 ఫుటేజ్‌ని చాలా ఫోన్ల డీకోడర్లు తీసుకోవు. డ్రోను 4కే 100 ఎంబీపీఎస్‌లో పది నిమిషాలు తీస్తే 7.5 జీబీ. ఇంత పెద్ద ఫైలుని ముక్కలుగా చదివే వెబ్‌కోడెక్స్ దారే మొయ్యగలదు. ‘అర్రేబఫర్’ పిలిచి మొత్తం ఫైలుని మెమరీలోకి లాగే పద్ధతి ఏ దారిలోనైనా తప్పే. ‘స్లైస్’తో కావలసినంతే చదవండి. ఫలితాన్ని కూడా ఆరిజిన్ ప్రైవేట్ ఫైల్ సిస్టమ్‌లోకి (బ్రౌజరు మీ సైటుకిచ్చే సొంత నిల్వ) రాసుకుంటూ పోతే మెమరీ నిండదు.

వాట్సాప్‌లో వచ్చిన వీడియో అప్పటికే కుదించినది. దాన్ని మళ్లీ కుదిస్తే సైజు పెద్దగా తగ్గదు, ముఖాలు మాత్రం మైనంలా కరుగుతాయి. మూల ఫైలుని డాక్యుమెంటుగా పంపమనండి, 2 జీబీ దాకా వెళ్తుంది.

16 ఎంబీలో పట్టించే లెక్క

16ని 8తో గుణిస్తే 128 మెగాబిట్లు. మూడు నిమిషాలంటే 180 సెకన్లు. భాగిస్తే 711 కేబీపీఎస్. ఐదు శాతం జాగా వదిలితే 675. శబ్దానికి 64 తీసేస్తే బొమ్మకి సుమారు 610 మిగులుతుంది. 848×480, 30 ఫ్రేములకి పిక్సెలుకి 0.05 బిట్లు, ఇది నిలబడుతుంది. అదే 610ని 720పీకి పంచితే 0.022, గళ్లు గళ్లుగా విరుగుతుంది. రిజల్యూషన్ తగ్గించారని ఎవరూ తిట్టరు, గళ్లు పడితే తిడతారు.

డెల్టాలో ఈ లెక్క ఇంకొంచెం కఠినం. గాలికి ఊగే కొబ్బరాకులు, వరిచేల అలలు, చెరువులో ఏరేటర్లు చిమ్మే నీళ్లు: కోడెక్‌కి వీటికంటే కష్టమైన బొమ్మలు తక్కువ. ప్రతి ఆకు అంచూ ప్రతి ఫ్రేములో వేరే చోట ఉంటుంది, పాత బొమ్మ నుంచి అరువు తెచ్చుకోవడానికి ఏమీ ఉండదు. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి కౌశిక దాటే ప్రభల్ని తీసిన వీడియోలో నీళ్లు, జనం, రంగు కాగితాలు అన్నీ ఒకేసారి కదులుతాయి. ఇలాంటివాటికి పిక్సెలుకి 0.1 దాకా కావాలి. మూడు నిమిషాలు ఒకే ఫైలుగా ఇరికించే బదులు తొంభై సెకన్ల ముక్కలు రెండు చెయ్యండి, చాలకపోతే ఫ్రేము రేటు కూడా 24కి దించండి. మీ టూల్‌ని గదిలో కూర్చుని మాట్లాడే మనిషి వీడియోతో పరీక్షించి సరిపోయిందనుకోకండి. కొబ్బరితోటలో తీసినది పెట్టి చూడండి.

ఎవరికి ఏది

కత్తిరింపు, అతికింపు, పెట్టె మార్పిడి మాత్రమే: మీడియాబన్నీ కాపీ దారి. 32 ఎంబీ దించాల్సిన అవసరమే లేదు.

ఫోను వీడియో కుదించి పంపే నర్సరీ, ల్యాబు, దుకాణం: వెబ్‌కోడెక్స్. వాళ్లలో ఎక్కువమంది ఆండ్రాయిడ్ క్రోమ్ వాడేవాళ్లే. వెబ్‌కోడెక్స్ లేని బ్రౌజరైతే వాస్మ్‌కి దిగే ముందు వీడియో రెండు నిమిషాల లోపు ఉందో లేదో చూడండి. ఎక్కువైతే క్రోమ్‌లో తెరవమని చెప్పడం నిజాయితీ.

స్టూడియో ప్రీవ్యూకి వాటర్‌మార్క్: కంప్యూటర్లో వెబ్‌కోడెక్స్, ఆఫ్‌స్క్రీన్ కాన్వాస్, అదంతా వర్కరులో (పేజీకి అడ్డం రాకుండా వెనక నడిచే స్క్రిప్టు).

ఎంటీఎస్, డావ్ లాంటి వింత ఫైళ్లు: వాస్మ్.

రెండు గంటల పెళ్లి మాస్టర్ ఫైలు, 40 జీబీ: ఏ బ్రౌజరూ వద్దు. హ్యాండ్‌బ్రేక్ గానీ నేటివ్ ఎఫ్ఎఫ్ఎంపెగ్ గానీ వేసి రాత్రి వదిలెయ్యండి. బ్రౌజరులో ఎనభై శాతం దగ్గర ట్యాబు పోతే మొదటికొస్తుంది.

ఫోను దారిలో పడే ఇబ్బందులు

స్క్రీను ఆరితే ఆండ్రాయిడ్ ట్యాబుని నిద్రపుచ్చుతుంది. పని మొదలవగానే స్క్రీన్ వేక్ లాక్ తీసుకోండి, ట్యాబు మళ్లీ కనపడినప్పుడు మళ్లీ అడగండి; దాచిన వెంటనే అది పోతుంది. మే నెల ఉక్కలో పది నిమిషాల ఎన్‌కోడింగ్‌కి ఫోను వేడెక్కి తనంతట వేగం తగ్గించుకుంటుంది. మిగిలిన సమయాన్ని మొదటి ముప్పై సెకన్ల వేగంతో లెక్కగట్టి చూపిస్తే అబద్ధమవుతుంది; గడిచిన ఇరవై సెకన్ల సగటుతో లెక్కించండి.

ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ లోపల తెరుచుకునే బ్రౌజర్లలో ఫలితం డౌన్‌లోడ్ కాకపోవచ్చు. ఆండ్రాయిడ్ వెబ్‌వ్యూ బ్లాబ్ డౌన్‌లోడ్‌ని తనంతట పట్టించుకోదు. ఎన్‌కోడింగ్ అయ్యాక కాదు, మొదట్లోనే గుర్తించి క్రోమ్‌లో తెరవమని చెప్పాలి.

అప్పగించే ముందు

పేజీ లోడయ్యాక ఫోనుని ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి పని మొత్తం నడపండి. ఎక్కడైనా ఆగితే ఆ పని ఇంకా నెట్ మీద ఆధారపడుతోందన్నమాట. కంటెంట్ సెక్యూరిటీ పాలసీలో (పేజీ ఏ సర్వర్లతో మాట్లాడొచ్చో బ్రౌజరుకి చెప్పే హెడరు) ‘కనెక్ట్-సోర్స్’ని ‘సెల్ఫ్’కి బిగిస్తే ఫైలు వేరే సర్వరుకి పోలేదని క్లయింటుకి ధైర్యంగా చూపించొచ్చు.

తర్వాత 4 జీబీ ర్యామున్న పాత ఫోను ఒకటి తెచ్చి, నిలువుగా తీసిన పది నిమిషాల రాత్రి వీడియో ఇవ్వండి. అందులో డోలు వాయించే దృశ్యం చివరి నిమిషంలో ఉండేలా చూసుకోండి. ఫలితాన్ని వీఎల్‌సీలో, వాట్సాప్‌లో, ఒక ఐఫోనులో తెరిచి నేరుగా ఆ చివరి నిమిషానికి జరపండి. కర్ర డోలుకి తగిలిన ఫ్రేములోనే దెబ్బ వినిపించాలి. శబ్దం ముందో వెనకో వస్తే టైమ్‌స్టాంపులు చూడండి. ఆ చోటికి జరపడమే కుదరకపోతే కీఫ్రేములు చూడండి. ఒక్క ఐఫోనులోనే మూగబోతే పెట్టెలో ఓపస్ ఎక్కడ దూరిందో వెతకండి.